బేకారు సామాను - బేకారు మనిషి
(గుమ్మం దగ్గరికి వచ్చిన బండి చరిత్ర)

ఉర్దూలో 'బేకార్' అనే మాట ఒకటి వుంది. 'కార్' అంటే పని. 'బే' అంటే లేకుండా. పని లేనిది బేకార్. కాలు విరిగిన కుర్చీనీ బేకార్ అంటాం, ఉద్యోగం దొరకని కుర్రవాడినీ బేకార్ అంటాం. తెలుగులో కూడా బేకారు, బేకారీ అనే మాటలు అందరికీ తెలిసినవే. మేము తరగతిలో యీ మాటకు అర్థం చెప్పినప్పుడల్లా, కుర్చీకీ మనిషికీ ఒకటే మాటా అని పిల్లలు నవ్వుతూ వుంటారు. నవ్వులాటకు అన్నా అందులో ఒక పెద్ద విషయం యిమిడి వుంది. యీ రెండు బేకారులనూ ఒకచోట చేరిస్తే రెండూ పనికొస్తాయని కనిపెట్టిన మనుషులు కొందరు లోకంలో వున్నారు. అక్కరలేని మంచాలు, కుర్చీలు, అల్మారాలు యింటి దగ్గరికే వచ్చి, పైసా తీసుకోకుండా ఎత్తుకెళ్ళి బీదల కోసం వాడే పద్ధతి అక్కడి నుంచే పుట్టింది. ఆ చరిత్రను మన సొసైటీ సభ్యుల ముందు వుంచడమే యీ వ్యాసం వుద్దేశం.

ముందుగా ఒక చిన్న విషయం మనవి చేస్తాం. దానం అనగానే మనకు డబ్బు, అన్నం, బట్టలు గుర్తొస్తాయి. వాటిని చేత పట్టుకొని వెళ్ళి యివ్వొచ్చు. పాత చొక్కాని సంచీలో పెట్టుకొని పోవచ్చు. కానీ టేకు మంచాన్ని సంచీలో పెట్టలేం. మూడో అంతస్తు నుంచి బీరువా దించాలంటే నలుగురు మనుషులు కావాలి, బండి కావాలి, కూలి కావాలి. అందువల్ల మంచి మనసున్న వాళ్ళ యిళ్ళలో కూడా పాత సామాను అటక మీదా, మేడ మీదా, మెట్ల కిందా పడి వుంటుంది. ఎండకు ఎండి, వానకు తడిసి, చెదలు పట్టిన తర్వాత ఏదో ఒక రోజు పాత సామాన్ల వాడికి కారుచవకగా పోతుంది. యిచ్చేవాడికి మనసు లేక కాదు, మోసేవాడు లేక. కనుక సామాను దానం విషయంలో అసలు కథ దాతది కాదు, బండిది.

లండన్లో మొదలు

19వ శతాబ్దం చివరలో లండన్ నగరం ప్రపంచంలోకెల్లా ధనవంతమైన పట్టణం. అదే పట్టణపు తూర్పు భాగంలో లక్షలాది జనం ఒక్క గదిలో కుటుంబమంతా వుంటూ, పని దొరికిన రోజు తింటూ, దొరకని రోజు పస్తుంటూ బతికేవారు. 1829లో నాటింగ్‌హాంలో పుట్టిన విలియం బూత్ అనే క్రైస్తవ బోధకుడు 1865లో ఆ తూర్పు లండన్లో సేవ మొదలుపెట్టాడు. 1878లో ఆయన సంస్థకు సాల్వేషన్ ఆర్మీ అనే పేరు వచ్చింది. మన ప్రాంతంలో దాన్ని రక్షణ సైన్యం అని పిలిచేవారు.

1890లో బూత్ 'ఇన్ డార్కెస్ట్ ఇంగ్లండ్ అండ్ ది వే అవుట్' అనే పుస్తకం ప్రచురించాడు. దేశ జనాభాలో పదో వంతు మంది బీదరికంలో మునిగిపోయి వున్నారని అందులో లెక్క కట్టాడు. వాళ్ళని పైకి తెచ్చేందుకు చెప్పిన పథకాల్లో ఒకటి, యిళ్ళలో వృథాగా పోయే వస్తువులను సేకరించే దళం. నగరాన్ని భాగాలుగా విడదీయాలి. ఒక్కో భాగానికి పని లేని మనుషుల్ని నియమించాలి. వాళ్ళకి యూనిఫారం యివ్వాలి, చిన్న బండి యివ్వాలి. వాళ్ళు క్రమం తప్పకుండా ఒక్కో యింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఆ యింట్లో పారేసే వస్తువులను పట్టుకురావాలి. బాగు చేయగలిగినవి బాగు చేయాలి, అమ్మగలిగినవి అమ్మాలి. ఆ డబ్బుతో ఆ మనుషులే తిని బతకాలి. యిదీ ఆయన లెక్క.

యిక్కడ పాఠకులు గమనించాల్సింది యూనిఫారం సంగతి. చింపిరి బట్టలతో గుమ్మం ముందు నిలబడ్డ మనిషిని చూసి యింటివాళ్ళు తలుపేసుకుంటారు. అదే మనిషి యూనిఫారంతో, బండితో, చెప్పిన రోజున వస్తే తలుపు తీస్తారు. అడుక్కునే వాడికీ, సంస్థ తరఫున వచ్చినవాడికీ వున్న తేడాను బూత్ బాగా పట్టుకున్నాడు. సామాను కన్నా ముందు మనిషి ఇజ్జత్ నిలబడాలి.

ఫకీర్ సింగ్ కథ

యీ పద్ధతి అమెరికాలో వేళ్ళూనడానికి కారకుడైన మనిషికి మన దేశంతో సంబంధం వుంది. ఫ్రెడరిక్ టక్కర్ 1853లో బీహారులోని ముంగేర్‌లో పుట్టాడు. ఇండియన్ సివిల్ సర్వీసులో పెద్ద వుద్యోగం చేశాడు. ఆ వుద్యోగానికి రాజీనామా యిచ్చి సాల్వేషన్ ఆర్మీలో చేరి, 1882లో కొద్దిమంది సహచరులతో బొంబాయిలో దిగాడు. మన దేశపు దుస్తులు వేసుకొని, చెప్పులు లేకుండా నడుస్తూ, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత బూత్ కుమార్తె ఎమ్మాను పెళ్ళాడి బూత్-టక్కర్ అయ్యాడు. 1896 నుంచి 1904 దాకా అమెరికాలో ఆ సంస్థ పని నడిపింది యీయనే.

ఆయన హయాంలోనే 1897లో న్యూయార్కులో సేకరణ దళం మొదలైంది. పని లేక ఆశ్రయం కోసం వచ్చిన మగవాళ్ళే తోపుడు బండ్లు తోసుకుంటూ యిళ్ళకు వెళ్ళేవారు. తెచ్చిన సామానును తామే బాగుచేసి అమ్మేవారు. ఆ పని వల్ల వాళ్ళకి పడకా, భోజనమూ దొరికేవి. ఆ తోపుడు బండ్లే పోను పోను గుర్రపు బండ్లయి, లారీలయ్యాయి. తాగుడుకు బానిసలైన వాళ్ళు ఆ అలవాటు మానుకొని మళ్ళీ నిలదొక్కుకోవడానికి ఆ సంస్థ అమెరికాలో నడిపే కేంద్రాలకు యీనాటికీ పాత సామాను అమ్మకమే ముఖ్యమైన ఆధారం.

యిదే ఫకీర్ సింగ్ 1907లో తిరిగి మన దేశానికి వచ్చాడు. ప్రభుత్వం 1871 చట్టం కింద 'నేరస్థ జాతులు' అని ముద్ర వేసిన వారి కోసం పెట్టిన సెటిల్‌మెంట్లను ఆయన కాలంలో సాల్వేషన్ ఆర్మీ నడిపింది. 1913లో వెలసిన మన బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలాంటిదే. అక్కడ ఎరుకల కుటుంబాలను హాజరు పట్టీల కింద, పోలీసు నిఘా కింద వుంచారు. ఆ చట్టం 1952లో రద్దయినా ఆ ముద్ర తాలూకు బాధ చాలా కాలం పోలేదు. యిది ఎందుకు చెప్తున్నామంటే, న్యూయార్కులో పని లేని మనిషి తన యిష్టంతో వచ్చి బండి పట్టుకున్నాడు. స్టువర్టుపురంలో మనిషి యిష్టంతో నిమిత్తం లేకుండా అతన్ని తెచ్చి పెట్టారు. సంస్థ ఒకటే, సేవ అనే మాట ఒకటే. కానీ మనిషిని పుట్టుకతో బేకారుగా లెక్కగట్టిన చోట సేవ కూడా సంకెల అయింది. చరిత్ర చదివేవాళ్ళు రెండో వైపు కూడా చూడాలి.

బోస్టన్ గోనె సంచీ

అదే అమెరికాలో బోస్టన్ నగరాన ఎడ్గర్ హెల్మ్స్ అనే మరో బోధకుడు వుండేవాడు. ఆయన చర్చి వున్న సౌత్ ఎండ్ పేటంతా వేరే దేశాల నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చిన బీదలే. 1902లో ఆయన గోనె సంచీ భుజాన వేసుకొని డబ్బున్న వాళ్ళ యిళ్ళకు వెళ్ళి, మీరు వాడని బట్టలు, సామాన్లు యివ్వండి అని అడిగాడు. జనం బాగానే యిచ్చారు.

తెచ్చిన వాటిని ఏం చేయాలన్నది తర్వాతి సమస్య. వూరికే పంచడం సులువు. కానీ కష్టపడి బతికేవాడు చేయి చాచడానికి సిగ్గుపడతాడు. హెల్మ్స్ యిందుకు ఒక దారి చూశాడు. పేటలో పని లేని వాళ్ళను పిలిచి, కూలి యిచ్చి ఆ వస్తువులను బాగు చేయించాడు. తర్వాత అవే వస్తువులకు చిన్న ధర పెట్టి అమ్మించాడు. బీదవాడు దుకాణానికి వస్తాడు, నాలుగు వస్తువులు చూస్తాడు, బేరం నచ్చితే కొంటాడు. అతను బిచ్చగాడు కాడు, గిరాకీ. వచ్చిన డబ్బు మళ్ళీ కూలి కిందకు పోతుంది. యీ సంస్థకే తర్వాత గుడ్‌విల్ అని పేరు వచ్చింది. హెల్మ్స్ 1942లో చనిపోయాడు, కానీ ఆ దుకాణాలు నేటికీ అమెరికా అంతటా కనిపిస్తాయి.

ఖైరాత్ యివ్వడం ఒక ఎత్తు, తీసుకొనేవాడి తల దించకుండా యివ్వడం మరో ఎత్తు. యీ రెండో దాన్ని హెల్మ్స్ దుకాణం రూపంలో సాధించాడు.

పారిస్ చలికాలం

యిప్పుడు ఫ్రాన్సు దేశానికి పోదాం. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. యిళ్ళు కూలిపోయాయి, జనానికి తల దాచుకునే చోటు లేదు. అబ్బే పియెర్ అనే పేరుతో ప్రసిద్ధుడైన హెన్రీ గ్రూయెస్ అనే మతాచార్యుడు అప్పట్లో పార్లమెంటు సభ్యుడు. పారిస్ శివారులో నేయీ-ప్లెజాన్స్ అనే చోట పాత యిల్లు ఒకటి తీసుకొని బాగు చేసుకుంటున్నాడు. 1949లో ఆయన దగ్గరికి జార్జ్ అనే ఒక మనిషిని తీసుకొచ్చారు. జైలు శిక్ష అనుభవించి వచ్చి, బతుకు మీద విరక్తితో ప్రాణం తీసుకోబోయినవాడు. ఆయన అతనికి డబ్బు యివ్వలేదు, నీతులు చెప్పలేదు. నీకివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, యిల్లు లేని వాళ్ళకు యిళ్ళు కట్టే పనిలో నాకు సాయం వస్తావా అని మాత్రం అడిగాడు. జార్జ్ వచ్చాడు. ఎమాయుస్ అనే సంఘం అలా మొదలైంది.

1951లో ఆయన పార్లమెంటు సభ్యత్వం పోయింది, దాంతో జీతమూ పోయింది. యింట్లో వున్న మనుషులకు తిండి ఎలా? వాళ్ళు చెత్తకుప్పల్లో గుడ్డ పీలికలు, యినుము, పాత సామాన్లు ఏరి అమ్మడం మొదలుపెట్టారు. 1954 చలికాలంలో పారిస్‌లో చలి విపరీతమైంది. యిల్లు ఖాళీ చేయించిన కాగితం దగ్గరుండగానే ఒక స్త్రీ వీధిలో చలికి గడ్డకట్టి చనిపోయింది. 1954 ఫిబ్రవరి 1న అబ్బే పియెర్ రేడియోలో దేశానికి మొర పెట్టుకున్నాడు. దుప్పట్లు, పొయ్యిలు, బట్టలు, డబ్బు వరదలా వచ్చి పడ్డాయి.

ఆ వరద కొద్ది వారాల్లో తగ్గిపోయింది. నిలిచిపోయింది మాత్రం బండి. ఎమాయుస్ సంఘాల వాళ్ళు లారీ వేసుకొని యిళ్ళకు వెళ్తారు. పాత మంచాలు, బల్లలు, పుస్తకాలు, గిన్నెలు వుచితంగా ఎత్తుకొస్తారు. తమ ఆవరణలో వేరుచేసి, బాగు చేసి, అమ్ముతారు. ఆ రాబడి మీదనే సంఘంలో వున్న వాళ్ళు బతుకుతారు, మిగిలింది తమకన్నా బీదవాళ్ళకి యిస్తారు. 1971లో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. 1992లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కూడా మొదలయింది.

యింకొక నిజం కూడా చెప్పక తప్పదు. అబ్బే పియెర్ 2007లో చనిపోయాడు. ఆయన స్త్రీలతో లైంగికంగా తప్పుగా ప్రవర్తించాడన్న ఆరోపణలను 2024లో ఎమాయుస్ సంస్థే విచారణ జరిపించి బయటపెట్టింది. మహానుభావుడని కొలిచిన మనిషి గురించి అలాంటివి ప్రకటించడం ఏ సంస్థకైనా కష్టం. అయినా దాచలేదు. లారీలు ఆగలేదు. సంస్థ ఒక మనిషి ఫోటో మీద నిలబడకూడదు, పని మీద నిలబడాలి. సొసైటీలు నడిపేవారందరికీ యిది పనికొచ్చే పాఠం.

వుచితం అంటే ఎవరికి?

యింటికొచ్చి వుచితంగా తీసుకెళ్తారు అంటే దాతకు వుచితమే కానీ సంస్థకు కాదు. లారీ, డీజిలు, డ్రైవరు, మోసే మనుషులు, సామాను పెట్టే గోదాము, వడ్రంగి, యివన్నీ ఖర్చులే. బాగున్న నాలుగు వస్తువులు అమ్మితే వచ్చిన డబ్బే యీ ఖర్చు భరిస్తుంది. పనికిరాని వస్తువు వస్తే దాన్ని మోసిన కూలీ, చివరికి పారేయడానికయ్యే ఖర్చూ కూడా బీదల సొమ్ము లోంచే పోతుంది. నల్లులు పట్టిన పరుపును దానం అని పంపితే, మన చెత్తను బీదల ఖర్చుతో పారేయించామన్న మాట.

అందుకే ఆ దేశాల్లో బండివాళ్ళు వచ్చిన ప్రతి వస్తువునూ తీసుకోరు. చినిగినవి, మరకలు పడ్డవి, బాగుకానివి మర్యాదగా కాదంటారు. బ్రిటన్లో యింకొక నియమం వుంది. 1979లో మాంచెస్టర్ నగరంలోని ఒక పెద్ద దుకాణంలో అమ్మకానికి పెట్టిన సోఫాల స్పాంజికి నిప్పంటుకొని, విషపు పొగకు 10 మంది చనిపోయారు. అలాంటి ప్రమాదాల తర్వాత 1988లో మెత్తలున్న సామానుకు అగ్ని భద్రత నియమాలు వచ్చాయి. ఆ నియమాలకు లోబడినదని తెలిపే లేబుల్ కుట్టి లేకపోతే ఎంత బాగున్న సోఫా అయినా అక్కడి ధర్మసంస్థలు తీసుకోవు. లేబుల్ ఒక్కటి కత్తిరించి పారేసినందువల్ల మంచి సోఫా దానానికి పనికిరాకుండా పోతుంది. బీదవాడి యిల్లు కూడా యిల్లే, అతని ప్రాణం కూడా ప్రాణమే అన్నది యీ నియమం వెనకనున్న మాట.

మన దేశంలో

మన దేశంలో పాత వస్తువు వృథా పోవడం తక్కువ. అన్న చొక్కా తమ్ముడికి, అత్తగారి పెట్టె కోడలికి, మిగిలింది పాత సామాన్ల బండికి. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారుకు పోతే పాత కుర్చీ నుంచి తలుపు గొళ్ళెం దాకా దొరుకుతుంది. కానీ అది వ్యాపారం. దానంగా యిచ్చిన వస్తువును పద్ధతిగా సేకరించి పంచే ఏర్పాటు ఆలస్యంగా వచ్చింది. 1999లో అంశు గుప్తా ఢిల్లీలో గూంజ్ అనే సంస్థను పెట్టాడు. పట్నాల్లో వాడని బట్టలు, వస్తువులు సేకరించి, పల్లెల్లో జనం తమ వూరికి కావలసిన బావో, బాటో బాగు చేసుకుంటే ఆ శ్రమకు ప్రతిఫలంగా యిచ్చే పద్ధతి పెట్టాడు. 2015లో ఆయనకు మెగసెసె అవార్డు వచ్చింది. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో, దానంగా వచ్చిన పాత బట్టలు ఎవరూ ముట్టక రోడ్ల పక్కన కుప్పలుగా పడ్డాయి. సర్వం పోగొట్టుకున్న జాలర్లు కూడా వాటిని కట్టుకోలేకపోయారు. దానం తిరస్కరించిన వాళ్ళది అహంకారం కాదు, దానం చేసిన వాళ్ళు ఆలోచించలేదు.

2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వం పిలుపు మీద పట్టణాల మునిసిపాలిటీలు పాత బట్టలు, పుస్తకాలు, చెప్పులు తెచ్చి యివ్వడానికి కేంద్రాలు తెరిచాయి. మంచి పనే. కాకపోతే అక్కడికి మనమే మోసుకుపోవాలి. పుస్తకాన్ని మోస్తాం, మంచాన్ని ఎవరు మోస్తారు?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట వంటి పేటలు రోజుల తరబడి నీళ్ళలో వున్నాయి. నీరు తీశాక పరుపులు, మంచాలు, బీరువాలు బురదతో వీధిలో కుప్పలు పడ్డాయి. అన్నం పొట్లాలు వచ్చాయి, చీరలు వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి. అవి వారం రోజుల అవసరం. ఆ తర్వాత పిల్లలు పడుకోవడానికి మంచం, బియ్యం పెట్టుకోవడానికి డబ్బా, చదువుకోవడానికి బల్ల కావాలి. అదే సమయంలో అదే జిల్లాలో ఎన్ని మేడల మీద ఎన్ని మంచాలు వూరికే ఎండుతున్నాయో ఎవరికి వారు ఆలోచించుకోవచ్చు.

ఖురాన్లో 107వ అధ్యాయం పేరు 'మాఊన్'. గిన్నె, గొడ్డలి, బొక్కెన వంటి రోజువారీ వాడే చిన్న యింటి వస్తువులని ఆ మాటకు వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. యింటి సామాను పేరు మీద ఒక అధ్యాయమే వుందంటే, పక్కవాడికి వస్తువు అందకుండా చేయడం ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

మనం చేయదగినది

యింత చరిత్ర చెప్పి వూరుకుంటే అది పరీక్ష కోసం చదివిన చదువే అవుతుంది. లండన్, బోస్టన్, పారిస్‌లలో మొదలుపెట్టిన వాళ్ళెవరూ లారీలతో మొదలుపెట్టలేదు. తోపుడు బండి, గోనె సంచీ, ఒక పాత యిల్లు, అంతే. మన పేటలో కూడా అంత మాత్రం చేయగలం. నెలలో ఒక ఆదివారం అద్దెకు ఒక ట్రాలీ ఆటో. ఎవరింట్లో ఏముందో, ఎవరికేం కావాలో రాసుకొనే ఒక రిజిస్టరు. పని తక్కువైన వడ్రంగి ఒకడు, అతనికి న్యాయమైన కూలి, అతని దగ్గర పని నేర్చుకునే యిద్దరు బేకారు కుర్రాళ్ళు. నులక అల్లేవాళ్ళు, వెల్డింగు చేసేవాళ్ళు మన వీధుల్లోనే వున్నారు. సామాను పెట్టుకోవడానికి ఒక షెడ్డు. తీసుకొనేవాళ్ళు ఎంతో కొంత యిచ్చి తమ వస్తువుగా పట్టుకుపోవచ్చు. అదీ యివ్వలేని విధవరాలికి, వృద్ధులకు రిజిస్టరులో పేరు కనబడకుండా చేరవేయొచ్చు. ఫోటోలు వద్దు. మంచం ఇచ్చి ఫోటో తీస్తే, ఆ మంచం మీద పడుకున్న ప్రతి రాత్రీ ఆ మనిషికి ఫోటోయే గుర్తొస్తుంది.

దాతలకు ఒకే ఒక కొలత చెప్తాం. యీ కుర్చీలో మా యింటికొచ్చిన చుట్టాన్ని కూర్చోబెడతామా అని అడుగుకోండి. కూర్చోబెడతాం అనిపిస్తే బండి కోసం కబురు చేయండి. చిన్న మరమ్మతుతో కూర్చోబెట్టొచ్చు అనిపించినా కబురు చేయండి, వడ్రంగి వున్నాడు. కూర్చోబెట్టం అనిపిస్తే పాత సామాన్ల వాడికి అమ్మి, ఆ డబ్బులు బండి ఖర్చుకి యివ్వండి.

అటక మీద వున్నది బేకారు సామాను కాదు, చేరవలసిన చోటుకు చేరని సామాను. వీధి చివర కూర్చున్నవాడు బేకారు మనిషి కాదు, పిలుపు అందని మనిషి. యీ యిద్దరినీ కలిపే బండిని లోకంలో చాలా చోట్ల చాలా మంది తోశారు. మన పేటలో కూడా దాన్ని తోసే చేతులు వున్నాయనే నమ్మకంతో యీ నాలుగు మాటలు రాశాం.